వాక్కాయ గింజలు

మా పెళ్ళి విందులో దాల్చా వండింది మా నాన్నే. పొన్నూరు చుట్టుపక్కల ముప్పై ఏళ్ళుగా పెళ్ళిళ్ళకు వండే ఖాజావలి, సొంత కూతురి పెళ్ళిలో గరిటె ఇంకొకరి చేతికి ఇస్తాడా? మా ఆయన కలీం మేనత్త జానీబీ ఒక్క ముద్ద తిని, బంతి మొత్తం వినేలా అంది.

"చింతపండు నీళ్ళలో బొమికలు కడిగినట్టుంది."

నాన్న డేగిసా మీద మూత పెట్టాడు. ఆ రోజు నుంచి ఏ పెళ్ళికీ వంట ఒప్పుకోలేదు. నేను ఎం.కాం. చదివాను గానీ క్షమించడం ఏ సెమిస్టర్‌లోనూ లేదు.

చిలకలూరిపేట దగ్గర కొత్త కాపురం. తొలకరి పడ్డాక ఒక ఆదివారం కలీం బండి మీద పత్తి చేను చూపించడానికి తీసుకెళ్ళాడు. చేని కంచె నిండా తెలుపూ గులాబీ కలిసిన కాయలు.

"బండి ఆపు, ఆపు."

"ఏంటి సమీరా, పామా?"

"వాక్కాయలు."

"మేకలు కూడా ముట్టవు వాటిని."

"నువ్వు ముడతావులే."

అతని హెల్మెట్ నిండా కోశాను. ముళ్ళు గీరిన వేలిని కలీం ఊదుతుంటే, ఇంకో రెండు చోట్ల గీరుకుంటే బాగుండేదనిపించింది. జిగురు పాలు అంటిన వేళ్ళతోనే అతని చెంప పట్టుకున్నాను. ఇంటిదాకా తిట్టాడు, నవ్వుతూనే.

నాన్న అసలు దాల్చా వాక్కాయలతోనే. మా పెళ్ళి మే నెలలో అయింది. ఈ కాయలు వానలు పడ్డాకే వస్తాయి కాబట్టి, ఆ రోజు గత్యంతరం లేక చింతపండు వేశాడు.

శుక్రవారం జానీబీ అత్త తన కూతురు నగ్మా నిశ్చితార్థానికి పిలవడానికి ముగ్గురు ఆడవాళ్ళతో వచ్చింది. నేను పొద్దున్నే ఒక్కో కాయా చీల్చి గింజలు తీశాను. గింజలు ఉంటే గిన్నెంతా చేదవుతుంది. అత్త దాల్చా మూడుసార్లు వేయించుకుంది.

"ఏ హోటల్ నుంచి తెప్పించావే?"

"ఇంట్లోనే అత్తా. మా నాన్న వంట ఇది."

నమలడం ఆగింది. పక్కనున్నావిడ కొంగుతో మూతి తుడుచుకుంటూ నవ్వు దాచుకుంది.

"అరవై మంది వస్తారు నగ్మా వేడుకకి. ఇదే పెట్టాలి," అంది అత్త, గొంతు తగ్గించి.

"నాన్నని పిలవండి. వచ్చి వండుతాడు."

"అంత దూరం నుంచి ఆయనెందుకులే. నా చేత్తో నేను వండుకోలేనా? పద్ధతి చెబితే చాలు."

"నాకు పూర్తిగా తెలీదత్తా. మీరే అడగండి."

నాన్నకి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, చాప మధ్యలో ఉంచాను. ఆ ముగ్గురూ ముందుకి వంగారు.

"అన్నగారూ, నేను జానీబీని. మీ దాల్చా ఎట్లా చేస్తారో కాస్త చెప్పండి. చాలా బాగుంది."

ఆ చివరి మాటని పండుగ సేమ్యాలా చప్పరించాను.

"మీరే వండుతారామ్మా?" అన్నాడు నాన్న.

"నేనే."

నాన్న ఓపిగ్గా చెప్పాడు: పప్పు ఎంత, బొమికలు ఎంతసేపు, సొరకాయ ఎప్పుడు, వాక్కాయలు ఎన్ని. అత్త వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది.

"అంతేనా అన్నగారూ?"

"అంతేనమ్మా."

పొద్దున తీసిన గింజలు ఇంకా వంటగది గట్టు మీదే ఉన్నాయి. లేచి వెళ్ళి, వాటిని పేపర్‌లో మడిచి చెత్తబుట్ట అడుక్కి తోసి, అత్తకి టీ పెట్టాను.