ఇంకా పలకలేదు

ఎవరు పిలిచినా నేను పలకను. అందుకే బాబాయి నాకు పలకమ్మ అని పేరు పెట్టాడు. నా మాటలన్నీ డైరీలోకే వెళ్తాయని ఇంట్లో అందరికీ తెలుసు.

తాతయ్య వడ్రంగి. ఆయన షెడ్డులో అటక మీద ఒక చెట్టు బుడిపె రెండేళ్లుగా ఆరుతోంది. గాలివానకు కూలిన మల్బరీ చెట్టు మొదట్లో గుమ్మడికాయంత ఉబ్బిన ముక్క అది. ఆ చెట్టు నానమ్మ పెంచింది. దానితో ఆవిడకు గిన్నె చేసిస్తానని తాతయ్య మాటిచ్చాడు. అలాంటి ముక్క మళ్లీ దొరకదు. పచ్చిగా ఉండగా గిన్నె చెక్కితే నెల తిరక్కుండా పగుళ్లు వస్తాయి. అందుకే కోసిన వైపు మైనం పూసి, ఎండ తగలకుండా దాచాడు. వారంవారం కాటా మీద తూస్తే బరువు నేను డైరీలో రాస్తాను. తగ్గడం ఆగితే ఆరినట్టు. కానీ తాతయ్యకు కాటా మీద నమ్మకం తక్కువ. వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వింటాడు. పచ్చి చెక్క 'దబ్' అంటుంది. ఆరితే 'టంగు'మని పలుకుతుంది.

ఆ ఆదివారం బాబాయి, చెక్కను గిర్రున తిప్పుతూ గిన్నె చెక్కే లేత్ మిషన్‌కు నూనె పెట్టి నిలబడ్డాడు.

"నాన్నా, ఇవాళైనా ఇస్తావా? ఈలోపు నా గడ్డం నెరిసేలా ఉంది."

తాతయ్య కొట్టి విన్నాడు. "పలికింది. తీసుకోరా."

నాకు 'దబ్' అనే వినిపించింది. డైరీ తీశాను. ఆ ఉదయం తూచిన బరువు పోయిన వారం కన్నా ఇరవై గ్రాములు తక్కువ. అంటే ఇంకా ఆరుతూనే ఉంది. మొన్న నానమ్మ ఉప్పు అడిగితే తాతయ్య చెప్పులు తెచ్చిచ్చాడు. ఆటపట్టిస్తున్నాడని అందరం నవ్వాం. అది ఆట కాదని ఇప్పుడు అర్థమైంది.

బాబాయి అప్పటికే బుడిపెను మిషన్‌కు బిగిస్తున్నాడు. తాతయ్య పరువు పోకుండా ఆయన చెవి దగ్గరకు వంగాను.

"ఇంకా పలకలేదు తాతయ్యా."

"ఏంటి తల్లీ?"

"ఇంకా పలకలేదు."

"కాస్త పెద్దగా చెప్పు."

రహస్యం చెబుదామని వెళ్లి షెడ్డు అదిరేలా అరవాల్సి వచ్చింది. "చెక్క పచ్చిగానే ఉంది తాతయ్యా. నీకు వినపడలేదు."

బాబాయి చేతిలో పానా ఆగిపోయింది. "మన పలకమ్మేనా ఇది?" అన్నాడు. డైరీ అందించాను. అంకెల మీద వేలు పెట్టి చదువుకుని, బిగించింది విప్పేశాడు.

తాతయ్య బుడిపెను ఒళ్లో పెట్టుకుని మళ్లీ కొట్టాడు. ఒక చెవి ఆనించి విని, మళ్లీ కొట్టి రెండో చెవీ ఆనించాడు. ఎందుకన్నానా అని నాకు ఏడుపొచ్చింది.

"కొన్నాళ్లుగా నాకు పచ్చిదీ ఆరిందీ ఒకేలా వినిపిస్తోందే" అన్నాడు చివరికి. బుడిపెను నా చేతుల్లో పెట్టాడు. "ఇకమీద నువ్వే కొట్టి విను. ఏం వినపడిందో నాకు మాత్రం ఇలాగే అరిచి చెప్పాలి."

గుమ్మంలో నానమ్మ నవ్వుతోంది. "నా గిన్నెకేం తొందర లేదు కానీ, ముందు మీ చెవులు డాక్టరుకు చూపించండి."

తాతయ్య మెల్లగా లేచి, గుమ్మం పక్కనున్న చెప్పులు తీసి ఆవిడ చేతికిచ్చాడు.

ఈసారి మాత్రం కావాలనే.