తన కంపెనీ దారం

సాయికుమార్ ఎల్బీనగర్ నుంచి మూసారాంబాగ్ దాకా ఉన్న ఆసుపత్రులకు కుట్ల దారం అమ్ముతాడు. మనిషి భారీ మనిషి, మెట్లెక్కితే ఆయాసం. దిల్‌సుఖ్‌నగర్‌లో లావు తగ్గించే ఆపరేషన్లు చేసే డాక్టర్ శ్రీకర్ ఒకరోజు నవ్వుతూ, మీ దారంతో మీకే కుట్టేస్తాను రండి అన్నాడు. సంగతి విని మేనేజరు ఎగిరి గంతేశాడు. మనవాడి పొట్ట, మన దారం, వీడియో తీసి డాక్టర్లందరికీ చూపిద్దామన్నాడు. కాదంటే ఉద్యోగం ఊడుతుందని సాయికుమార్ తల ఊపాడు.

అది ముళ్ల దారం. కంటికి ఆనని ముళ్లు కండను పట్టుకుంటాయి కాబట్టి ముడి వేయక్కర్లేదు. చిన్న రంధ్రాల్లోంచి గొట్టాలు దించి, పొట్టను కోసి సన్నం చేసి, ఆ కోత వెంట దీనితో కుడతారు. ఇంత గొప్ప దారం మీద ఈ మధ్య ఫిర్యాదులొచ్చాయి. ముళ్లు పట్టడం లేదట, కుట్టు జారుతోందట. నోరు మూసుకుని అమ్ముకో అన్నాడు మేనేజరు. పొట్ట ఆయనది కాదు కదా! సాయికుమార్ అలాగే అమ్మాడు.

ఇప్పుడు అతన్ని ఆపరేషన్ టేబుల్ మీద పడుకోబెట్టి చేతులు రెండు పక్కలా పట్టీలతో బిగించారు. నర్సు ఇంద్రాణి ఆ దారం ప్యాకెట్ అందుకుంది. కెమెరా నడుస్తోంది. చెబితే ఉద్యోగం, చెప్పకపోతే ప్రాణం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మత్తు సూది దగ్గరికొచ్చేసరికి భయం గెలిచింది.

"సార్, గా దారం ఒద్దు. జారుతుంది. వేరే కంపెనీది వెయ్యుండ్రి."

శ్రీకర్ కెమెరా ఆపించాడు.

"పొద్దున ఆపరేషన్‌లో రాములమ్మగారికి వేసింది ఇదేనండీ. నిన్నంతా ఆవిడ పక్క మంచం మీదే ఉన్నారుగా, అప్పుడెందుకు చెప్పలేదు?"

డాక్టర్ పట్టీలు విప్పించాడు. ఆవిడకు మళ్లీ లోపల చూడాలి, ఎందుకో మీరే వెళ్లి చెప్పండి అన్నాడు.

ఆసుపత్రి గౌనుతోనే సాయికుమార్ ఆ గదిలోకి వెళ్లాడు. రాములమ్మ అలికిడికి కళ్లు తెరిచి, అతన్ని చూసి జాలిపడింది.

"నీది గూడ అయిపోయిందా బిడ్డా? జర మెల్లగ కూసో. కుట్లు కదుల్తయ్."