మేడం చేతిలో పగ్గం

సుచరితకు ఒక జబ్బుంది. పక్కవాళ్లు పని నెమ్మదిగా చేస్తుంటే ఆమె చేతులు ఊరుకోవు.

మొఘల్‌పురాలో ఒక చిన్న ట్రస్టు ఆసుపత్రిలో ఫిజియోథెరపీ గది ఆమెదే. కాలేజీ నుంచి చివరి ఏడాది పిల్లలు పని నేర్చుకోవడానికి ఆమె దగ్గరికే వస్తారు. పిల్లవాడు పేషెంటు భుజం మీద చెయ్యి వేసీ వెయ్యకముందే "అలా కాదు, జరుగు" అంటుంది. జరిగినవాడు జరిగినట్టే ఉండిపోతాడు, తువాలు పట్టుకుని. గరిటె వదలని అత్తగారింట్లో కోడలికి వంట ఎంత వస్తుందో, ఆమె దగ్గర పిల్లలకు పని అంత వచ్చేది. కిందటి బ్యాచ్ వాళ్లు కాలేజీకి పోయి, "మేడం దగ్గర తువాలు మడతపెట్టడం బాగా నేర్చుకున్నాం సార్" అని చెప్పారట.

ఈసారి వచ్చినవాడు రఘురామ్. ఇదే పోస్టింగులో ఒకసారి తప్పి మళ్లీ వచ్చాడు. ఇప్పుడూ తప్పితే ఇంకో ఆర్నెల్లు ఆగాలి. తోటివాళ్లు డిగ్రీలు పట్టుకుపోతుంటే వీడు గేటు దగ్గర నిలబడి చేతులూపాలి. మంచి పిల్లవాడు. ఆ మంచితనమే వాడి కొంప ముంచేది. పేషెంటు "అబ్బా" అంటే చాలు, వాడి కళ్లలో నీళ్లు తిరిగేవి, చెయ్యి వెనక్కి వచ్చేసేది. ముసలమ్మలు వస్తూనే "ఆ మెత్తటి పిలగాడు ఏడి?" అని అడిగేవాళ్లు. వాళ్లందరికీ వాడంటే ప్రాణం. కీళ్లు మాత్రం ఎక్కడివక్కడే.

వాడు చెయ్యి తీస్తాడని ఈమె చెయ్యి వేసేది. ఈమె వేస్తుందని వాడు తీసేవాడు. ఈ లెక్కన ఆ గదిలో మనుషులు ఇద్దరున్నా పని చేసే చేతులు ఒక జతే.

పరీక్షకు వాడి పాలబడిన పేషెంటు బాలకిషన్. యాకుత్‌పురా స్టేషన్ వెనక పాల వ్యాపారం. బర్రె తన్ని కుడి మోకాలి చిప్ప పగిలింది. ఆపరేషన్ అయింది, ఎముకా అతికింది, కాని మోకాలు రోకలిలా బిగుసుకుంది. ఆయన బెంచీ మీద కూర్చుంటే ఆ కాలు వరండాకు అడ్డంగా ఉండేది; నర్సులు దాటుకుని పోయేవాళ్లు.

"ఇంట్లో వ్యాయామం చేస్తున్నారా అండీ?" రఘురామ్ ఒకరోజు అడిగాడు.

"పొద్దుగాల, మాపటికి, రెండు సార్లు అయితుంది బిడ్డ."

"రోజూ చేస్తే మోకాలు ఇలా ఉండదండీ."

"నేనేడ చేస్తున్న? నవాబు చేస్తుండు."

నవాబు ఆయన దున్నపోతు. దీపావళి దాటగానే సదర్ పండుగ. పాతబస్తీలో పాడి ఉన్నవాళ్లు దున్నపోతులకు నూనె పట్టించి, దండలేసి, డప్పులతో ఊరేగిస్తారు. జనం నడుమ ముంగాళ్లు వంచి సలాం కొట్టిన దున్నకు ఏడాదంతా పేరు.

"మోకాలు ఎట్ల వంచాల్నో నువ్వు మస్తు చూపిచ్చినవ్. గదే వానికి నేర్పుతున్న," అన్నాడు బాలకిషన్. "నాకు నొస్తది. వానికి నొయ్యది. ఎవరన్న ఒకరు చేస్తే అయిపాయె గద."

రఘురామ్ ఆయనకు నచ్చజెప్పబోయాడు. సుచరిత మాత్రం "జరుగు" అంది. ఆమె ఆ మోకాలిని ఒక్క వంపు వంచేసరికి బాలకిషన్ పెట్టిన కేక వీధి చివర చాయ్ హోటల్ దాకా వినపడిందని తర్వాత తెలిసింది. మర్నాడు ఆయన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫోన్ చేస్తే, "సదర్ దగ్గరపడ్డది మేడం. నవాబును ఇడిసిపెట్టి నేను యాడికి రాను. గావాల్నంటే ఆ మెత్తటి పోరన్ని పంపుండ్రి. మీరొద్దు" అన్నాడు.

పరీక్షాధికారి వెంకటనారాయణ ఆ మాట విని, "పేషెంటు రాకపోతే మనమే పోదాం. కొట్టంలోనే పరీక్ష" అన్నాడు. అక్కడితో ఆగలేదు. "మేడం, మీతో ఒక మాట. పరీక్ష జరిగేటప్పుడు మీరు ముట్టుకోకూడదు, మాట్లాడకూడదు. ఈ రెండింట్లో ఏది చేసినా పిల్లవాడు తప్పినట్టే. రూలు పాతదే. మీ కోసం మళ్లీ చెబుతున్నాను."

"నాకు తెలుసండీ," అంది సుచరిత, చేతులు కట్టుకుంటూ.

పరీక్ష ముందు రోజుల్లో రఘురామ్ పొద్దున్నే యాకుత్‌పురా వెళ్లి వచ్చేవాడు. "నేనూ రానా?" అని అడిగితే "వద్దు మేడం" అన్నాడు. ఆ మాట వాడి నోటివెంట రావడం అదే మొదలు. సుచరితకు అన్నం సయించలేదు. అక్కడ ఏం చేస్తున్నాడో, ఏ వైపు నిలబడుతున్నాడో, తువాలు ఎక్కడ పెడుతున్నాడో. పరీక్ష తనే తప్పేలా ఉన్నట్టు బెంగపెట్టుకుంది.

పరీక్ష రోజు కొట్టంలో పేడ వాసన, ఆవనూనె వాసన కలిసి గుప్పుమంటున్నాయి. నవాబు నల్లగా నిగనిగలాడుతూ, కొమ్ములకు రంగు కాగితాలు చుట్టించుకుని, పెళ్లికొడుకులా నిలబడి ఉంది. వెంకటనారాయణకు కుర్చీ వేశారు. సుచరిత నడుం బిగించి ముందుకు రాబోతుంటే బాలకిషన్ భార్య సుశీలమ్మ ఎదురొచ్చి ఆమె రెండు చేతుల్లోనూ లావుపాటి పగ్గం పెట్టేసింది.

"జర పట్టుకో మేడం. రెండు చేతులతోని గట్టిగ పట్టు. నువ్వు ఇడిస్తె వాడు గల్లీలకు ఉరుకుతడు, ఎవరికి దొరకడు."

సుచరిత చచ్చినట్టు పట్టుకుంది. పగ్గం అవతలి కొసన ఏనుగు పిల్లంత నవాబు.

రఘురామ్ బాలకిషన్ చేతికి బెల్లం ముక్క ఇచ్చాడు. సంగతి ఇది: బెల్లం నేల దగ్గర చూపిస్తేనే నవాబు ముంగాళ్లు వంచుతుంది. ఇన్నాళ్లూ బెల్లం చూపించింది సుశీలమ్మ; ఆయన బల్ల మీద కూర్చుని హుకుం వేసేవాడు.

"సదర్ రోజు అంతమంది ముందు నవాబుకు బెల్లం పెట్టేది మీరా, లేక పెద్దమ్మా?" అడిగాడు రఘురామ్.

"గదేం మాట. నేనే," అన్నాడు బాలకిషన్.

"అయితే గుంజ పట్టుకోండి. బెల్లం కిందికి తీసుకెళ్లండి. మీరు ఎంత వంగితే నవాబు అంత వంగుతుంది."

రఘురామ్ ఎడమవైపు నిలబడ్డాడు. కుడివైపు కదా నిలబడాలి. సుచరిత నోరు తెరిచింది. తెరిచిందే తడవుగా సుశీలమ్మ అందులో పాలకోవా ఉండ పెట్టేసింది. పెళ్లిలో బంతి మొత్తానికి సరిపడేంత ఉండ.

"మా బర్రె పాలదే. వద్దనొద్దు," అంది సుశీలమ్మ.

కోవా పళ్లకు పట్టుకుంది. మింగేలోపు రఘురామ్ తనంతట తనే కుడివైపుకు మారాడు.

బాలకిషన్ ఒక చేత్తో గుంజ పట్టుకుని నెమ్మదిగా వంగాడు. కొంత వంగి, రోజూ ఆగే చోట ఆగాడు. "బస్. నొస్తుంది బిడ్డ. అబ్బా."

రఘురామ్ చెయ్యి మోకాలి మీద సడలింది. ఇక తీసేస్తాడు, సుచరితకు తెలుసు. తీస్తే ఆర్నెల్లు. ఆమె వేళ్లు పగ్గం మీద బిగుసుకున్నాయి. ఒక్క అడుగు వేస్తే ఆ మోకాలు తన చేతిలో ఉంటుంది. నోరు తెరిచింది. రెండో ఉండ పడింది.

నవాబు ముక్కుతో ఒకసారి బుస్సుమంది. వెంకటనారాయణ ఈగను తోలబోయి చెయ్యి దించేశాడు.

రఘురామ్ కళ్లలో నీళ్లయితే తిరిగాయి. కాని చెయ్యి ఉన్నచోటే ఉంది. "నొప్పి వస్తుందండీ. నాకు తెలుసు. ఊపిరి వదలండి, తొందరేం లేదు. నవాబు ఇంకా వంగలేదు, చూడండి."

బాలకిషన్ నవాబును చూశాడు. నవాబు బెల్లాన్ని చూసింది. "నీయవ్వ, నీకోసమే గదరా," అని గొణిగి ఆయన ఇంకొంచెం వంగాడు. ఇంకొంచెం. దున్నపోతు ముందు ఒక కాలు, తర్వాత రెండో కాలు మడిచి, కొండ దిగినట్టు కిందికి దిగింది. బెల్లం అందుకుంది. ఆ లోపలే రఘురామ్ ప్లాస్టిక్ కొలబద్ద మోకాలికి ఆనించి కోణం చూసి వెంకటనారాయణకు చూపించాడు. ఆయన కళ్లజోడు ఎత్తి, దించి, మళ్లీ చూశాడు.

"మంచిది. నొప్పి దగ్గర ఆగావు, కాని వదల్లేదు," అని ఆయన సుచరిత వైపు తిరిగాడు. "మేడం, మీ అభిప్రాయం?"

సుచరిత నోట్లో రెండు కోవాలు. చేతుల్లో పగ్గం. తల ఒక్కటే ఖాళీగా ఉంది. పైకీ కిందికీ గట్టిగా ఊపింది.

"పాస్," అన్నాడు ఆయన. లేచి పోతూ, "మీరు ఇంత నెమ్మదస్తులని కాలేజీలో ఎవరూ చెప్పలేదే" అన్నాడు.

ఆయన ఆటో శబ్దం మలుపు తిరిగాక సుశీలమ్మ గిన్నె కింద పెట్టింది. "ఇంక ఇడిసిపెట్టు మేడం. పిలగాడు చెప్పినట్టే చేసిన. మేడం నోరు తెరిస్తే కోవా పెట్టు, చేతులు ఖాళీ ఉండనియ్యకు అన్నడు."

సుచరిత చేతిలో పగ్గం చూసుకుంది. పగ్గం వెంబడి నవాబు మెడ దాకా చూసింది. మెడలో ఇనుప గొలుసు ఉంది. గొలుసు పోయి గుంజకు ఉంది. ఆ గుంజను పీకాలంటే ఇంకో నాలుగు నవాబులు కావాలి.

రఘురామ్ కొలబద్దను అక్కర్లేకపోయినా తుడుస్తున్నాడు.

"పేషెంటు ఒప్పుకోలు లేకుండా ట్రీట్‌మెంట్ మొదలుపెట్టకూడదని మొదటి రోజే చెప్పానా లేదా?" అంది సుచరిత.

"చెప్పారు మేడం."

"మరి?"

"అడిగితే మీరు ఒప్పుకోరు కదా మేడం."

బాలకిషన్ బల్ల మీద కూలబడి మోకాలు రుద్దుకుంటున్నాడు. "ఫికర్ చెయ్యకు మేడం," అన్నాడు. "నేను గూడ గిట్లనే మొరాయించిన. రోజు జరంత చేస్తే నీకు గూడ అలవాటైతది."

సుచరితకు మంచి జవాబే తట్టింది. నోరు తెరవబోయి, సుశీలమ్మ చెయ్యి గిన్నె వైపు కదలడం చూసి, మూసుకుంది.