పేరు ముందు అక్షరం

మదురైలోని ఆ కంటి ఆసుపత్రిలో పేచియమ్మాళ్ ఉద్యోగం రేపు మధ్యాహ్నానికి ఊడబోతోంది. పదకొండేళ్ళుగా చీటీల కిటికీ దగ్గర కూర్చున్న మనిషి. పాత రోగి పేరు కొడితే వివరాలు తెరమీదికి రావడానికి నలభై సెకన్లు పడుతోంది, వరుస గేటు దాటి జిగర్‌తండా అనే చల్లటి పాల పానీయం అమ్మే బండి దాకా పోతోంది. మేనేజరు వేలుచామి అత్త మీది కోపం దుత్త మీద చూపించాడు. ఆవిడ చేతులు నిదానమట.

కంప్యూటర్లో లోపమేమీ లేదని ఒక కాగితం టైపు చేయించి, డేటాబేస్ చూసుకునే కుయిలి ముందు పెట్టాడు. సంతకం ఆమెదే కావాలి. అది పడితే సొరుగులో సిద్ధంగా ఉన్న పేచియమ్మాళ్ తొలగింపు కాగితం రేపు బయటికొస్తుంది. కుయిలికి ఒళ్ళు మండింది. పేచియక్క వేళ్ళు ఎలా పరుగెడతాయో ఆమెకు తెలుసు. సాయంత్రంలోగా ఇస్తానని చెప్పి తలుపేసుకుంది.

ఏ దారిన వెతుకుతున్నావని అడిగితే డేటాబేసే చెబుతుంది. అడిగింది. సెల్వం అనే ఒక్క రోగి కోసం అది ఇరవై రెండు లక్షల పేర్లనూ మొదటినుంచి చివరిదాకా చదువుతోంది. అక్షరక్రమంలో ఇండెక్స్ ఉంది గానీ దాన్ని ముట్టుకోవడం లేదు. ఎలా ముట్టుకుంటుంది? ఇక్కడ ఎవరి పేరు ముందైనా తండ్రి పేరులోని మొదటి అక్షరం ఉంటుంది. మ. సెల్వం, క. సెల్వం. ఇండెక్స్ అంతా తండ్రుల అక్షరాల వరుస. కిటికీ దగ్గరికొచ్చినవాళ్ళేమో ఉత్త సెల్వం అంటారు. అందుకని పేరు మధ్యలో ఎక్కడున్నా వెతకమని ఎవరో మహానుభావుడు రాసిపెట్టాడు. అతణ్ణి నోరారా తిట్టుకుంటూ కుయిలి రాసినవాళ్ళ పేరు చూసింది. ఆరేళ్ళ కిందటి తేదీ, తన పేరు.

కాసేపు సిగ్గుతో చచ్చిపోయింది. తర్వాత ఆ అక్షరాన్ని విడదీసి వేరే గడిలో పెట్టింది. పేరుకు మాత్రమే కొత్త ఇండెక్స్ కట్టి, మొదటి అక్షరం నుంచే వెతకమంది. ముందు నకలు మీద చూసుకుని, భోజనాల వేళ అసలు దాంట్లో మార్చింది. నలభై సెకన్లు రెప్పపాటైంది.

గుట్టుచప్పుడు కాకుండా ఊరుకోవచ్చు. అప్పుడు పేచియక్క వెళ్ళాకే పని చురుకైందని వేలుచామి ఊరంతా చెప్పుకుంటాడు. కుయిలి కాగితం మీది మాటలన్నీ కొట్టేసి, కింద జరిగింది రాసి, సంతకం పెట్టి తీసుకెళ్ళింది.

"నేను చెప్పిందేంటి, నువ్వు రాసిందేంటమ్మా? ఆ వెతుకులాట రాసినోళ్ళెవరో చెప్పు, ముందు వాళ్ళని ఇంటికి పంపిస్తా" అన్నాడు వేలుచామి.

"నేనే సార్."

అతను తగ్గి, ముందు దాన్ని బాగుచెయ్యమన్నాడు, మిగతావి తర్వాత చూద్దామన్నాడు. బాగుచేసే వచ్చానని, కావాలంటే బయట వరుస చూసుకోమని చెప్పింది. అతను కిటికీలోంచి చూశాడు. గేటు దగ్గర ఎవరూ లేరు. అయినా పంతం పోలేదు. ఆమె ఇచ్చిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాడు.

"అలాంటివి ఇంకో మూడున్నాయి సార్, అందులో ఒకటి ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మకి. చింపాల్సింది అది కాదు, పేచియక్కని పంపే కాగితం. నన్ను పంపేది సోమవారం టైపు చేయించుకోండి."

అతను సొరుగు తెరిచి ఆ కాగితం చింపేదాకా కుయిలి అక్కడినుంచి కదల్లేదు.