ముంజేతి మీద గీత

టైలరింగ్ షాపు నడిపే ఆ పెద్ద కోడలిని వీధంతా కత్తెరమ్మ అనే పిలుస్తుంది. ఇస్త్రీ పెట్టె చేతికి అంటుకున్నా "ఏం లేదు" అని పని చేసుకుపోయే మనిషి. ఆ రోజు ఆస్పత్రిలో ఆమె మంచం పక్కన కాపలా చిన్న తోడికోడలి నెత్తిన పడింది. బావగారు రక్తం పేరు వింటేనే కళ్లు తేలేసే రకం కాబట్టి, ఆయన్ని కింద క్యాంటీన్‌లో కూర్చోబెట్టి తనే పైకి వచ్చింది.

ఇద్దరికీ మాటల్లేక చాలాకాలమైంది. ఒక పెళ్లిలో పదిమంది ముందు కత్తెరమ్మ, "మా చెల్లి వండితే కుక్క కూడా ఉపవాసముంటుంది" అని నవ్వింది. టాక్సీ కంపెనీలో పొద్దస్తమానం ఫోన్లలో మాట్లాడే చిన్నావిడ, ఆ తర్వాత ఈవిడతో మాత్రం మౌనవ్రతం పట్టింది.

ఛాతీలో నొప్పి వస్తోందని ఆ పొద్దున కత్తెరమ్మ కుడి మణికట్టులోంచి సన్నటి గొట్టం పంపి గుండె రక్తనాళాలు చూశారు. పెద్ద అడ్డంకులేమీ లేవు, మందులు చాలన్నారు. గొట్టం తీసిన చోట గాలి నింపిన ప్లాస్టిక్ పట్టీ బిగించారు. నర్సు వచ్చినప్పుడల్లా ఆ పట్టీనే చూసి, రక్తం రావడం లేదని తృప్తిపడి వెళ్లేది.

కత్తెరమ్మ నుదుట చెమట పట్టింది. కుడిచేతిని మెల్లగా దుప్పటి కిందికి లాక్కుంది.

"అక్కా, చెయ్యి నొప్పా?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే దాచడం దేనికి?"

"నీ ఫోన్ నువ్వు చూసుకో."

చిన్నావిడ దుప్పటి లాగేసింది. పట్టీ దగ్గర కాదు, దానికి బాగా పైన, ముంజేయి ఉబ్బి నిగనిగలాడుతోంది. ముట్టుకుంటే చెక్కలా ఉంది.

"సిస్టర్! ఒక్కసారి ఇటు రండి, త్వరగా!"

నర్సు చూసింది, ముఖం మారిపోయింది. డాక్టరమ్మకు కబురు పంపి, బీపీ చూసే పట్టీని వాపు మీద చుట్టి గాలి కొట్టింది. "అమ్మా!" అంది కత్తెరమ్మ. ఆమె నోట ఆ మాట చిన్నావిడ వినడం అదే మొదలు. చేతికి రక్తం అందుతోందో లేదో తెలియడానికి బొటనవేలికి క్లిప్పు తగిలించారు.

డాక్టరమ్మ వస్తూనే పెన్ను తీసి వాపు అంచు చుట్టూ గీత గీసింది. "గొట్టంతో పాటు లోపలికెళ్లిన తీగ ఏదో చిన్న రక్తనాళాన్ని గీరి ఉంటుంది. రక్తం పలచనయ్యే మందు ఇచ్చాం కదా, అందుకే లోలోపల కారుతోంది. వాపు ఈ గీత దాటినా, వేళ్లు మొద్దుబారినా వెంటనే చెప్పాలి. ఒత్తిడి మరీ పెరిగితే ముంజేతి మీద కోత పెట్టి తగ్గించాల్సిందే. లేకపోతే లోపల కండ చచ్చిపోతుంది."

"మళ్లీ కత్తెర పట్టగలదా, డాక్టర్?"

"ముందు దీన్ని ఆపుదాం."

ఆవిడ మాట దాటేసిందని చిన్నావిడకు అర్థమైంది. అక్క వైపు తిరిగింది.

"వేళ్లు కదుపు అక్కా. ఇందాకే ఎందుకు చెప్పలేదు?"

"నిన్ను అడగాలనిపించలేదు."

"నా మీద పంతానికి నీ చెయ్యి పందెమా? కుడిచెయ్యి లేని టైలర్‌కి బట్టలెవరిస్తారు? తిట్టు, కొట్టు, కానీ దాచకు. ఊఁ, కదుపు!"

కత్తెరమ్మ కళ్లు తుడుచుకుని వేళ్లు ముడిచింది, చాపింది. చూస్తుండగానే ఒకచోట వాపు గీతను గోరంత దాటింది. చిన్నావిడ కేక వేసేలోపే కత్తెరమ్మ నోరు విప్పింది.

"చూపుడు వేలు తిమ్మిరెక్కుతోందే. డాక్టర్‌ని పిలువు."

డాక్టరమ్మ పరుగున వచ్చింది. బీపీ పట్టీని కాస్త పైకి జరిపి మళ్లీ బిగించింది, చేతిని దిండ్ల మీద ఎత్తి పెట్టించింది, నొప్పికి సూది వేసింది, ఆపరేషన్ గది సిద్ధం చేయమని ఫోన్ చేసింది. కొత్త గీత పడింది. ఇద్దరూ దాని మీదినుంచి చూపు తిప్పలేదు. చిన్నావిడకు తెలియకుండానే అక్క ఎడమచేయి తన చేతిలోకి వచ్చింది.

కొత్త గీత దగ్గర వాపు ఆగింది. సాయంత్రానికి చర్మం కొంచెం వదులైంది, తిమ్మిరి తగ్గింది. కోయనక్కర్లేదని డాక్టరమ్మ చెప్పేసరికి చిన్నావిడ గోడకు చేరగిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు స్కాన్‌లో మరో సంగతి బయటపడింది. గొట్టం వెళ్లిన నాళం మణికట్టు దగ్గర రక్తం గడ్డతో మూసుకుపోయింది. చిటికెన వేలివైపు నుంచి వచ్చే నాళం చేతిని పోషిస్తోందనీ, భయం లేదనీ, మూసుకున్నది తెరుచుకోవచ్చు, తెరుచుకోకపోవచ్చనీ చెప్పి మందులు రాశారు.

ముంజేయి నల్లబడి, ఊదా రంగుకు తిరిగి, పసుపుపచ్చగా మారేదాకా కత్తెర బరువుగానే ఉంది. చిన్నావిడ డ్యూటీ దిగి నేరుగా షాపుకొచ్చేది. కత్తెరమ్మ ఎడమచేత్తో సుద్ద గీతలు గీస్తే ఆమె గుడ్డ కోసేది. మొదటి జాకెట్టుకు ఒక చెయ్యి పొడుగు, ఒకటి పొట్టి వచ్చాయి.

"దీన్ని ఎవరికి తొడుగుతావే?" అంది కత్తెరమ్మ.

"ఎవరో ఒకరు దొరక్కపోతారా? నువ్వు తర్వాతది గియ్యి."