మినపగింజలు, పెసరగింజలు

శుక్రవారం స్త్రీల కూడికలో ఎవరి ప్రార్థన మనవి వాళ్లు లేచి చెప్పాలి. మా అత్త జానమ్మ లేచిందంటే మా ఇంటి గుట్టు వేములపల్లి మొత్తానికి తెలిసినట్టే. ఆ రోజూ లేచింది.

"నా కొడుకు ప్రభుదాసుకు, కోడలు కృపారాణికి ఇద్దరికీ రక్తంల తలసీమియా దాగున్నదట. నలుగురు పిల్లల్ల ఒక్కరికి రోగమొస్తదని డాక్టరమ్మ చెప్పింది. మేం ముగ్గురితోనే ఆపుతం. నాలుగోది కడుపున పడకుండ ప్రార్థన చెయ్యుండ్రి!"

అందరూ ఆమెన్ అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకా ఒక్కరు కూడా పుట్టలేదు, ఈవిడకి నాలుగోదాని దిగులు!

మూడేళ్లుగా "వచ్చే ఏడు చూద్దాం" అంటూ దాటేస్తున్నది నేనే. మా తమ్ముడు డేవిడ్‌కి ఆ జబ్బుంది. పసితనం నుంచి మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. కడుపుతో ఉన్నప్పుడే పరీక్ష చేయించుకుంటే బిడ్డకు జబ్బుందో లేదో తెలుస్తుందని, ఉంటే వద్దనుకోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఆ 'వద్దు' దగ్గరే ఆగిపోయాను. అది నా తమ్ముణ్నే వద్దన్నట్టు కాదా? ఈ మాట మా ఆయనతో కూడా అనలేదు.

ఆదివారం మిర్యాలగూడ నుంచి డేవిడ్ దిగాడు. కూడిక సంగతి అప్పటికే వాడి చెవిన పడింది. వస్తూనే రెండు గ్లాసుల్లోనూ ఒక మినపగింజ, ఒక పెసరగింజ చొప్పున వేసి అత్త ముందు పెట్టాడు.

"అత్తమ్మా, ఇది అక్క, అది బావ. మినుము రోగం, పెసర మంచిది. కండ్లు మూసుకొని దీంట్ల ఒకటి, దాంట్ల ఒకటి తియ్యి. రెండూ మినుములొస్తే నాలాంటోడు పుట్టినట్టు."

అత్త తీసింది. మొదటిసారే రెండూ మినుములు.

"గట్లెట్ల? నాలుగోసారి గదా రావాలె!"

మళ్లీ వేసి తీసింది. రెండూ పెసలు. తర్వాత ఒకటీ ఒకటీ. ఆ తర్వాత మళ్లీ రెండు మినుములు. పొయ్యి మీద పప్పు మాడుతున్నా లేవలేదు.

"దీనికి వరస లేదారా?"

"లేదత్తమ్మా. ప్రతిసారీ మొదటిసారే."

అత్త మొహం చిన్నబోయింది. "గిట్లయితే నా కోడలు పిల్లల్ని కనాలంటే భయపడదా మరి?" అంటూ నా పక్కకి జరిగి కూచుంది.

అప్పుడు నోరు పెగిలింది. "పరీక్ష చేయించుకుంటే నిన్ను వద్దన్నట్టయితదిరా," అన్నాను. ఏడుపు ఆగలేదు.

డేవిడ్ పగలబడి నవ్వాడు. "పిచ్చి అక్కా! నన్నెవడు వద్దంటడు? నిన్ననే రెండు ప్లేట్ల బిర్యానీ తిన్న. నేను గీడనే ఉంట." తర్వాత చొక్కా చెయ్యి మడిచి, సూదుల మచ్చలు చూపించాడు. "నాకు మేనల్లుడో మేనకోడలో కావాలె గని, ఆస్పత్రిల పక్క బెడ్డు దోస్తు వద్దక్కా."

ఏడుస్తూనే నవ్వాను. మా ఆయన ఫోన్‌లో డాక్టరమ్మ నంబరు వెతికి నా చేతిలో పెట్టాడు.

అత్త కళ్లు తుడుచుకుంది. "వచ్చే శుక్రవారం మనవి మార్చి చెప్త," అంది.

"వద్దత్తా," అన్నాను. "ఈసారి నేనే లేస్త."