ఆదివారానికి రెండో మనిషి

"దండెం సగం ఖాళీగానే ఉంది కదమ్మా. మరి నా షర్ట్ గరాజ్‌లో ఎందుకుంది?" తమర్ ఇలా అడగడం మూడోసారి.

"వాన పడేట్టుందే" అంది నీలిమ. జవాబు కూడా మూడోసారి అదే. చేతుల నిండా పిండి.

"వాన నా షర్ట్ మీదే పడుతుందా? డాడ్ టవల్స్ అన్నీ బయటే ఉన్నాయి."

వంటింటి కిటికీలోంచి చూస్తే పెరట్లో స్తంభానికి బిగించిన గుండ్రటి దండెం గాలికి మెల్లగా తిరుగుతోంది. తువ్వాళ్ళు, దుప్పట్లు, అమ్మమ్మ లంగాలు. ఆకాశంలో మబ్బు తునక లేదు.

"అమ్మమ్మ లంగాలు బెంట్లీ సబర్బ్ మొత్తం చూడొచ్చు. నా షర్ట్ మాత్రం ఎవరూ చూడకూడదు. నైస్."

"నా లంగాల జోలికి రాకు తల్లీ" అంది చాముండేశ్వరి, బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. "అవి తెనాలిలోనే ఎవరికీ భయపడలేదు."

తమర్‌కి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. కోపం చెడిపోతుందని కాబోలు విసురుగా గదిలోకి వెళ్ళిపోయింది.

నీలిమ పిండిని ఇంకాస్త గట్టిగా మర్దించింది. చెప్పడానికి ఆమె దగ్గర అసలు మాట ఒకటుంది. కానీ అది అంటే మాటామాటా పెరుగుతుంది. తమర్ వాళ్ళ యూదు యువజన సంఘం నీలం చొక్కా, మెడ దగ్గర తెల్ల తాడు, జేబు మీద హీబ్రూ అక్షరాలు పక్కింటి మేడ మీది నుంచి స్పష్టంగా కనిపిస్తాయి. పక్కింటివాళ్ళు మంచివాళ్ళే. ఊరెళ్ళినప్పుడు వీళ్ళ మొక్కలకు నీళ్ళు పోస్తారు. అయినా పోయిన డిసెంబరులో సిడ్నీలో యూదుల పండగ మీద కాల్పుల వార్త వచ్చినప్పటి నుంచి, ఎవరు మంచివాళ్ళో చూసి చెప్పగలనన్న నమ్మకం నీలిమకు పోయింది. అంతకు ముందు నుంచే, రైలెక్కేటప్పుడు ఆ చొక్కా పైకి కనిపించకుండా స్వెటర్ వేసుకోమని సంఘం పెద్దలే పిల్లలకు చెబుతున్నారు. అలాంటప్పుడు తను గరాజ్‌లో ఆరేస్తే తప్పేమిటి?

తమర్ యూనివర్సిటీలో రెండో సంవత్సరం. ఆదివారం మధ్యాహ్నాలు వాళ్ళ ప్రార్థనాలయం వెనక హాల్లో తొమ్మిది పదేళ్ళ పిల్లలకు ఆటలూ పాటలూ నేర్పి, ఒక పాఠం చెబుతుంది. ఆ యూదు యువజన సంఘంలో పంతుళ్ళుండరు. పంతొమ్మిదేళ్ళవాళ్ళు తొమ్మిదేళ్ళవాళ్ళకు చెబుతారు. తొమ్మిదేళ్ళవాళ్ళు పెద్దయి, వెనక వచ్చినవాళ్ళకు చెబుతారు. తమర్ తండ్రి ఆరీ అలాగే పెరిగాడు, ఆయన తల్లీ అలాగే పెరిగింది. పెళ్ళయినప్పుడు నీలిమను మతం మారమని వాళ్ళెవరూ అడగలేదు. ఆమె మారనూ లేదు. పిల్లను మాత్రం యూదు పిల్లగా పెంచుతానని మాటిచ్చింది, పెంచింది. దేవుడి గూట్లో వెంకటేశ్వరస్వామి, అల్మరాలో అత్తగారి వెండి దీపస్తంభాలు. ఇన్నేళ్ళూ ఒకరికొకరు అడ్డం రాలేదు.

శుక్రవారం నీలిమ ఫార్మసీ నుంచి పెందలాడే వచ్చి రొట్టెకి పిండి కలుపుతుంది. అత్తగారు బతికుండగా నేర్పిన పని. మూడు పాయలు తీసి అల్లడం మాత్రం ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. చాముండేశ్వరి దాన్ని జడరొట్టె అంటుంది.

అల్లుతుండగా ఫోన్ మోగింది. మోచేత్తో స్పీకర్ నొక్కింది. క్లైడ్ నార్త్‌లో ఆదివారం మధ్యాహ్నాలు తెలుగు బడి నడిపే శ్రీపతి. నీలిమ అక్కడ చిన్న పిల్లలకు చెబుతుంది.

"నీలిమ గారూ, ఈ సండే పెద్ద పిల్లల క్లాస్ కూడా మీరే చూసుకోవాలండీ. భానుశ్రీ గారికి ఫీవరట."

"రెండు క్లాసులా అండీ?"

"మీరు కాకపోతే ఎవరున్నారు చెప్పండి?"

"సరేనండీ" అంది. ఒప్పుకున్నాక గానీ కాళ్ళు ఎంత లాగుతున్నాయో తెలియలేదు. పొద్దున్నుంచీ కౌంటర్ వెనక నిలబడే ఉంది.

ఆదివారం గ్రూపు సంగతి తమర్ నిన్ననే చెప్పింది. తనతో కలిసి పాఠం చెప్పే టాలియాని వాళ్ళమ్మానాన్నలు మానిపించేశారు. పిల్లలతో కనీసం ఇద్దరు ఉండాలి, ఇద్దరికీ పిల్లలతో పనిచేయడానికి ప్రభుత్వమిచ్చే కార్డుండాలి. రెండోవాళ్ళు లేకపోతే హాలు తెరవరు. ఇరవై మంది వచ్చే గ్రూపు ఇప్పటికే ఏడుగురికి తగ్గింది. మరీ ఇబ్బందైతే తల్లిదండ్రుల్లో కార్డున్నవాళ్ళు వచ్చి కూర్చోవచ్చని ఈ టర్మ్‌లో కమిటీ ఒప్పుకుంది.

నీలిమకు కార్డుంది. తెలుగు బడి కోసం తీసుకున్నదే, పర్సులో ఉంటుంది. నిన్న తమర్ చెప్పినప్పుడు ఆమె "అయ్యో" అని ఊరుకుంది. లోపల మాత్రం, బిగుతుగా కట్టిన ముడి ఎవరో వదులు చేసినట్టయింది. గ్రూపు ఆగిపోతే ఆదివారాలు పిల్ల ఇంట్లో ఉంటుంది. అలా అనుకున్నందుకు సిగ్గుపడాలేమో. సిగ్గుపడే ఓపిక కూడా లేకపోయింది.

తమర్ కాగితాలు పట్టుకుని మళ్ళీ వంటింట్లోకి వచ్చింది. "అమ్మమ్మా, ఫ్రీయేనా? నాకు పార్ట్‌నర్ లేదు."

వాళ్ళ చదువులో ఎవరూ ఒంటరిగా చదవరు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు అర్థం చెబితే రెండోవాళ్ళు కాదనాలి. కాదనేవాళ్ళు లేకపోతే ఆ పాఠం చదివినట్టే కాదు.

"ఎదురు చెప్పడమేగా" అంది చాముండేశ్వరి, కుర్చీ ముందుకి జరుపుకుంటూ. "నలభై ఏళ్ళు మీ తాతయ్యతో చేసిన పనే. కానీయ్."

"ఎలాగూ క్లోజ్ చేస్తున్నారుగా, ఇప్పుడెందుకే ఇదంతా?" అంది నీలిమ.

"పేరెంట్స్‌కి మెసేజ్ ఇంకా పంపలేదుగా" అంది తమర్, తల్లి వైపు చూడకుండా. "అమ్మమ్మా, విను. ఫ్రైడే నైట్ ముందు వైన్‌కి బ్లెస్సింగ్ చెబుతాం కదా. అప్పటిదాకా బ్రెడ్ మీద క్లాత్ ఎందుకు కప్పుతాం? బ్రెడ్‌కి షేమ్‌గా ఉంటుందని. దాన్ని వదిలేసి ముందు వైన్‌ని పలకరించాం కాబట్టి."

"రొట్టెకి సిగ్గేమిటే?"

"అదే కిడ్స్ కూడా అడుగుతారు. బ్రెడ్‌కి ఫీలింగ్స్ ఉండవు. బ్రెడ్ విషయంలోనే అంత కేర్‌ఫుల్‌గా ఉంటే మనుషుల దగ్గర ఇంకెంత ఉండాలి అని."

"బానే ఉంది" అంది చాముండేశ్వరి. ఒక చిక్కుడుకాయ తుంచి, మళ్ళీ ఆగింది. "మరి గుడ్డ కప్పేస్తే దాచినట్టూ ఉంటుంది కదా? నువ్వు మర్యాద అంటున్నావ్. చూసేవాడు దాపరికం అంటాడు. తేడా ఎట్లా తెలిసేది?"

తమర్ పెన్ను కొరుకుతూ ఆలోచించింది. "క్లాత్ తీస్తాం కదా అమ్మమ్మా. తీసేదాకే కప్పడం. ఎప్పటికీ తీయకపోతే అది దాచడం."

"ఊఁ. ఇది నాకు నచ్చింది."

"నచ్చకూడదు! ఆర్గ్యూ చెయ్యాలి!"

"మీ ఇద్దరూ కలిసి నాకేనా పాఠం చెబుతున్నది?" అంది నీలిమ, ఓవెన్ తలుపు కాస్త గట్టిగానే వేసి.

"మేం రొట్టె సంగతి మాట్లాడుకుంటుంటే నువ్వెందుకు ఉలిక్కిపడతావు?" అంది తల్లి.

ఎండ వాలుతోంది. శుక్రవారం సాయంత్రం యూదుల విశ్రాంతిదినం మొదలై దీపాలు పెట్టేవేళకు ఫోన్లన్నీ వెదురు బుట్టలో పెట్టేయడం ఆ ఇంట్లో అలవాటు. మర్నాడు చీకటి పడేదాకా ఎవరూ తీయరు. పంపాల్సిన మెసేజ్ ఈలోపే పంపాలి. తమర్ రాసింది చెరిపి మళ్ళీ రాస్తోంది. చివరికి ఫోన్ తల్లి ముందు పెట్టింది.

"ఒకసారి చూడమ్మా. బాగుందా?"

రెండో లీడర్ దొరకనందువల్ల ఆదివారం గ్రూపును కొన్నాళ్ళు ఆపుతున్నామని, క్షమించమని ఉంది.

"కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళని అడుగుతారు" అంది నీలిమ.

"కిడ్స్ ఆల్రెడీ అడుగుతున్నారు. ఇదివరకు అయిపోగానే పరిగెత్తేవాళ్ళు. ఇప్పుడు గేట్ దగ్గర ఆగి 'నెక్స్ట్ వీక్ ఉందా?' అంటారు. ఉంది అంటాను. ప్రతిసారీ ఉంది అనే చెప్పానమ్మా."

నీలిమ చేతులు కడుక్కుంది. తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది. "పేరెంట్స్‌లో ఎవరినైనా అడిగావా?"

"కార్డ్ ఉన్నవాళ్ళు ఇద్దరే. ఒకావిడకి కొత్త బేబీ."

"ఇంకొకరు?"

తమర్ తల్లి ముఖంలోకి చూసింది.

"నన్ను అడగలేదేం మరి?"

"అడిగితే నువ్వు సరే అంటావు. దెన్ వారమంతా నిద్రపోవు." తమర్ గొంతు తగ్గించింది. "తెలుగు క్లాస్ మధ్యలో నువ్వు ఫోన్‌లో న్యూస్ చూస్తూ ఉంటావని భానుశ్రీ ఆంటీ చెప్పింది. నేను ఇంటికొచ్చేదాకా నువ్వు ఏమీ తినవని కూడా తెలుసు."

"నేను చెప్పలేదు" అంది చాముండేశ్వరి వెంటనే.

"నువ్వే చెప్పావు అమ్మమ్మా."

"నీకు భయం లేదా?" అంది నీలిమ.

"ఉంది. ట్రైన్‌లో ఉంటుంది. హాల్లోకి వెళ్ళాక వాళ్ళు గొడవ గొడవ చేస్తారు కదా, అప్పుడు టైమ్ ఉండదు." నవ్వబోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే చేతివేళ్ళతో ఒత్తుకుంది. "ఐ యామ్ టయర్డ్, అమ్మా. ఇంక పంపేస్తా."

నిన్నటి నుంచీ నీలిమ అనుకున్నదేమిటంటే, కార్డు సంగతి కూతురికి తట్టలేదని. తను నోరు మూసుకుని కూర్చుంటే, పిల్ల అంతకన్నా గట్టిగా నోరు మూసుకుని తనను కాపాడుతోంది.

వాకిట్లో కారు ఆగింది. ఆరీ కుంటుకుంటూ లోపలికొచ్చాడు. పళ్ళ డాక్టరు. వారమంతా క్లినిక్‌లో వంగి, శనివారం ఉదయాలు ప్రార్థనాలయం గేటు దగ్గర కాపలా నిలబడి, మోకాలు పాడు చేసుకున్నాడు.

"రేపు కూడా గేటేనా నాయనా?" అంది చాముండేశ్వరి. "వచ్చినవాడి పళ్ళు చూసి పంపిస్తావా ఏమిటి?"

"మంచి పళ్ళు ఉంటే లోపలికి, అత్తయ్యగారూ" అన్నాడు ఆరీ తన తెలుగులో. బుట్టలో ఫోన్ పడేసి, "అందరూ పెట్టారా?" అన్నాడు.

తమర్ ఫోన్ అందుకుంది. బొటనవేలు తెర మీదికి వెళ్ళింది.

"అట్లానే ఉంచు. బుట్టలో పెట్టెయ్" అంది నీలిమ.

"ఇప్పుడు పంపకపోతే రేపు నైట్ దాకా..."

"తెలుసులే. పెట్టు."

దీపాలు వెలిగించారు. ఆరీ గ్లాసు ఎత్తి ద్రాక్షారసానికి మంత్రం చదివాడు. గొంతు కాస్త బొంగురుగా ఉంది. ఎప్పట్లాగే చివరి మాటకు చాముండేశ్వరి అందరికన్నా గట్టిగా ఆమెన్ అంది. రొట్టె మీది గుడ్డ తీయడం నీలిమ వంతు. అత్తగారు కుట్టిన గుడ్డ. ఒక మూల దారాలు ఊడుతున్నాయి. తీసి, మడిచి, ఒళ్ళో పెట్టుకుంది. ఆరీ రొట్టె తుంచి, ఉప్పులో అద్ది, అందరికీ ఇచ్చాడు. చిక్కుడుకాయ కూర గిన్నె చేతులు మారింది. అందరూ అలిసిపోయి ఉన్నారు, తింటున్నారు.

"ఆదివారం నేను వస్తున్నాను" అంది నీలిమ, కంచంలోకి చూస్తూనే.

"ఎక్కడికి?" అంది చాముండేశ్వరి.

"దీని గ్రూపుకి. రెండో మనిషిగా. ఈ టర్మ్ అయ్యేదాకా ప్రతి ఆదివారం."

ఆరీ చెంచా కింద పెట్టాడు. తమర్ నోట్లోని ముద్ద నమలడం మర్చిపోయింది.

"తెలుగు బడి?" అంది, ముద్ద మింగి.

"రేపు చీకటి పడ్డాక శ్రీపతి గారికి ఫోన్ చేస్తాను. పిల్లల్ని మధ్యలో వదిలేస్తున్నానంటాడు. ఆయన అనేది నిజమే. అననీ."

"మరి నిద్ర?"

"అది ఇప్పుడు మాత్రం ఎక్కడ పడుతోంది? అక్కడైతే నువ్వు కళ్ళెదురుగా ఉంటావు." కూర గిన్నె తల్లి వైపు జరిపింది. "కారులో వెళ్దాం, రైలు వద్దు. పాఠం నువ్వే చెప్పు. నేను తలుపు దగ్గర కూర్చుంటాను."